క్యాబిన్‌లోకి రావచ్చా?

రేవు క్వార్టర్స్, మూడో అంతస్తు
జూన్ 3

అక్కా,

ఫోన్ చేస్తే పోయేదానికి ఉత్తరం ఏమిటని విసుక్కుంటావని తెలుసు. ఫోన్‌లో నువ్వు నన్ను మాట్లాడనిస్తావా? నేను నోరు తెరిచేలోపే సలహా చెప్పేసి పెట్టేస్తావు. పైగా వెనక నుంచి మా కవలల గోల ఒకటి. అందుకే కాగితం పట్టుకున్నాను. దీని మధ్యలో నువ్వు దూరలేవుగా.

సంగతేమిటంటే, మా ఇల్లు ఇల్లులా లేదు. నాలుగేళ్ళు నిండిన దగ్గర్నుంచీ ఇద్దరాడపిల్లలూ కలిసి ఇల్లు పీకి పందిరేస్తున్నారు. పెద్దదానికి, అంటే పన్నెండు నిమిషాలు పెద్దదానికి, మీ మరిది సైరన్ అని పేరు పెట్టాడు. అది అరుపు మొదలుపెడితే కింద అంతస్తువాళ్ళు కిటికీలు మూసుకుంటారు. చేతికి చెంచా దొరికితే చెంచా, చెప్పు దొరికితే చెప్పు గాల్లోకి లేస్తుంది. చిన్నదాని పేరు గవ్వ. అది అరవదు. మంచం కిందికి దూరి మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. పిలిచినా పలకదు, ఆకలేసినా రాదు. ఒకదాన్ని ఆపాలి, ఇంకోదాన్ని బయటికి లాగాలి. తల ప్రాణం తోకకొస్తోంది.

ఇది ఎప్పుడూ ఉండే గోలేలే అని ఊరుకుందును కానీ, ఇప్పుడు నాకు గడువుంది. యార్డులో చిన్న క్రేన్ మీద ఆరేళ్ళు చేశాను కదా. ఓడల మీంచి పెట్టెలు దించే పెద్ద క్రేన్‌లో సెప్టెంబరుకి ఒక సీటు ఖాళీ అవుతోంది. తొమ్మిది అంతస్తుల ఎత్తు. ఇంతవరకూ మా రేవులో దానిమీద ఆడమనిషి కూర్చోలేదు. పరీక్షకి నా పేరు రాశారు. మీ మరిదేమో, "తల్లి పొద్దున ఆరింటికే పోతే పిల్లలు ఇలాగే తయారవుతారు. కింద గేటు ఆఫీసులో కుర్చీ అడుగు" అంటున్నాడు. చివరికి ఒక మాట అనుకున్నాం. ఆగస్టు ఆఖరులోగా పిల్లలు కుదుటపడితే నేను పైకెక్కుతాను. లేకపోతే క్రేన్ జోలికే పోను. మాటిచ్చేశాను అక్కా.

నీ క్లాసులో పిల్లలు నెమ్మదించడానికి ఒక మూల చేశావనీ, ఎక్కడెక్కడి టీచర్లో వచ్చి చూసి వెళ్ళారనీ చెప్పావు కదా. అలాంటిది మా ఇంట్లో ఎలా చెయ్యాలో విడమరిచి రాయి. పదో తరగతి రెండుసార్లు తప్పినదానికి చెప్పినట్టు చెప్పు. సిగ్గుపడను.

నీ చెల్లెలు

*

బడి, స్టాఫ్ రూమ్, కిటికీ పక్క బల్ల
జూన్ 11

చెల్లీ,

ఉత్తరం రాసినందుకు మెచ్చుకున్నాను. అక్షరదోషాలు ఏడు. ఎర్రసిరాతో దిద్ది తిప్పి పంపుదామనుకున్నాను కానీ, పోనీలే.

విను. ముందు చోటు చూడు. టీవీకీ తలుపుకీ దూరంగా, గోడవైపు తిరిగి ఉండాలి. పిల్లల కళ్ళకి ఏమీ కనబడకూడదు, అప్పుడే మనసు ఆగుతుంది. మీ ముందుగదిలో బీరువాకీ గోడకీ మధ్య ఒక సందు ఉంది చూడు, అది బాగుంటుంది. కింద మెత్తగా పరుపు వెయ్యి. రెండు దిళ్ళు చాలు, పది పెట్టావంటే అవి ఆయుధాలవుతాయి. వెలుతురు పలచగా ఉండాలి. రంగులు లేతవి. గోడ మీద నవ్వు మొహం, ఏడుపు మొహం, కోపం మొహం బొమ్మలు గీసి అతికించు. పిల్లలు తమ కోపం ఏదో వేలుపెట్టి చూపిస్తారు. ఒక బొచ్చుబొమ్మ, ఊపితే మెల్లగా కిందికి దిగేలా ఒక నీళ్ళ సీసాలో మెరుపుపొడి. అంతే. బొమ్మల దుకాణం తెరవకు. మరీ ముఖ్యంగా నీ ఇనుపసామాను, నీ హుక్కులు, నీ గొలుసులు అక్కడికి రానివ్వకు.

నా క్లాసులో ఇరవైఆరుమంది. ఎవరైనా అల్లరి మితిమీరితే ప్రశాంతమూలలో కూర్చోబెడతాను. అయిదు నిమిషాల్లో పిల్లిలా వచ్చేస్తారు. గొప్పలు చెప్పుకోవడం కాదు కానీ, జిల్లా పెద్దలు వచ్చినప్పుడు మొట్టమొదట చూపించేది ఆ మూలనే.

పెద్ద క్రేన్ గురించి ఏమీ అనను. నీ ఇష్టం. పిల్లలకి పెద్దమ్మ ముద్దులని చెప్పు.

అక్క

*

క్వార్టర్స్
జూన్ 29

అక్కా,

నువ్వు చెప్పినవన్నీ అక్షరం పొల్లుపోకుండా చేశాను. బీరువా రెండడుగులు జరిపాం. లేతనీలం దుప్పటి తెరలా కట్టాను. మొహాల బొమ్మలు నేనే గీశాను. నా కోపం మొహం చూసి సైరన్ "ఇది నువ్వే" అంది. మీ మరిది పగలబడి నవ్వాడు. ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

మొదటి రెండు రోజులూ బాగానే ఉంది. మూడోరోజు సైరన్ పాలగ్లాసు విసిరింది. "కోపం తగ్గేదాకా పోయి నీ మూలలో కూర్చో" అన్నాను. ఆ సాయంత్రం మీ మరిదీ అదే మాటన్నాడు. మర్నాడు మళ్ళీ నేను. వారం తిరిగేసరికి ఆ చోటికి మా పిల్లలు ఏం పేరు పెట్టారో తెలుసా? తప్పుగది. పక్కింటావిడ పది నుంచి రెండు దాకా వాళ్ళని చూస్తుంది కదా, ఆవిడతో గవ్వ చెప్పిందట: "నేనేం చెయ్యలేదు, నన్ను తప్పుగదిలో పెట్టకు." నోరు విప్పని పిల్ల నోరు విప్పి అన్న మాట అది. ఆవిడ చెబుతుంటే తల ఎత్తలేకపోయాను.

ఇప్పుడు దాని దరిదాపులకి కూడా వెళ్ళరు. సీసా మూత తీసి మెరుపుపొడి బీరువా కింద పోశారు. మా ఇంటి చీమలు తళతళలాడుతున్నాయి. జూన్ అయిపోయింది అక్కా. ఉన్నవి రెండు నెలలు.

నీ చెల్లెలు

*

బడి
జూలై 8

చెల్లీ,

మూలలో తప్పు లేదు. నా దగ్గర నడుస్తున్నది నీ దగ్గర ఎందుకు నడవదు? నువ్వు కోపంగా పంపి ఉంటావు. నేను నెమ్మదిగా చెప్పి పంపుతాను. తేడా అక్కడుంది.

సరే, నీకో పని చెబుతాను. క్రేన్ మీద ఏ గంటకి ఏ పెట్టె దించావో పుస్తకంలో రాస్తావు కదా. అలాంటి పుస్తకమే ఇంట్లో పెట్టు. అరుపు ఎప్పుడు మొదలైంది, గవ్వ ఎప్పుడు మంచం కిందికి దూరింది, దానికి ముందు ఇంట్లో ఏం జరిగింది. నీకు అనిపించింది రాయకు, జరిగింది రాయి. పది రోజులు రాశాక నాకు పంపు.

ఇంకో మాట. నీ మొదటి ఉత్తరం మళ్ళీ చదివాను. పిల్లలు ఏం చేశారో రెండు పేజీలుంది. నువ్వూ మరిదీ ఆ టైములో ఏం చేస్తున్నారో ఒక్క ముక్క లేదు. తల్లిదండ్రుల ఉత్తరాలు పదిహేనేళ్ళుగా చదువుతున్నదాన్ని. నా దగ్గరా దాస్తావు?

అక్క

*

క్వార్టర్స్
జూలై 24

అక్కా,

నీ కంట పడకుండా ఏదీ దాగదు. చిన్నప్పుడు పలక పగలగొట్టి చాప కింద పెట్టిననాడూ ఇంతే.

పుస్తకం పెట్టాను. పదకొండు రోజుల్లో పద్నాలుగు సార్లు. కొన్ని రాస్తున్నాను చూడు.

సాయంత్రం 6:10. ఆయన: "ఇవాళ కూడా రెండున్నరకి గానీ ఇంటికి రాలేదట, అరగంట ఆలస్యం." నేను: "ఓడ నన్నడిగి వస్తుందా?" 6:14. చెప్పు ఎగిరింది. మంచం కింద గవ్వ.

పొద్దున 5:30. నేను బూట్లు వేసుకుంటున్నాను. ఆయన: "గేటు ఆఫీసు సంగతి అడిగావా?" నేను: "అడగను." 5:32. అరుపు. నిద్రలోంచి లేచి మరీ అరిచింది.

ఆదివారం, మధ్యాహ్నం 12:40. ఇద్దరం మాట్లాడుకోలేదు. గిన్నెలు కొంచెం గట్టిగా పెట్టుకున్నాం, అంతే. 12:45. మంచం కింద ఇద్దరూ.

పద్నాలుగులో పదకొండు ఇలాంటివే. మేమిద్దరం గొంతు పెంచడం, లేకపోతే ఎడమొహం పెడమొహంగా తిరగడం. పిల్లల్ని చక్కదిద్దాలని పిల్లల మీద రాసిన పుస్తకం అంతా మా ఇద్దరి గురించే తయారైంది. చదువుకుంటే ఏడుపొచ్చింది. నీకు పంపడానికి మూడు రోజులు తటపటాయించాను.

ఆ మర్నాడు డ్యూటీలో ఓడ ఆలస్యమై క్యాబిన్‌లో ఖాళీగా కూర్చున్నాను. ఇక్కడ నాకెందుకు ఇంత నెమ్మదిగా ఉంటుందా అనిపించింది. కింద ఎంత రచ్చ జరగనీ, పైన నా ఊపిరి నాకు వినబడుతుంది. మెత్తటి పరుపుందా? లేదు. లేతరంగులున్నాయా? గ్రీజు మరకలున్నాయి. ఉన్నవేమిటంటే, తలుపుకి గడియ లోపలి వైపుంది. కాళ్ళ కింద అద్దంలోంచి యార్డంతా కనిపిస్తుంది, ఎవరు ఎటు కదులుతున్నారో తెలుస్తుంది. చెయ్యి చాచితే అందే మూడు పిడులు. అన్నిటికంటే ముఖ్యం, నేను సరే అనందే ఎవడూ నిచ్చెన ఎక్కకూడదు. మేనేజరైనా సరే, కింద నిలబడి "రావచ్చా?" అని అడగాల్సిందే. అది మా యార్డు కట్టుబాటు.

ఇంటికొచ్చి నీ మూల పీకేశాను. క్షమించు. ఆ సందులోనే పాత చెక్కబల్ల అడ్డంగా బిగించి మోకాలెత్తు మెట్టు కట్టాను. కింద బొమ్మల పెట్టె, పైన వాళ్ళు. ముందు ఒక ప్లైవుడ్ తలుపు, దానికి లోపల మాత్రమే కొక్కెం, పైభాగం తెరిచి ఉంటుంది, అవసరమైతే నా చెయ్యి దూరుతుంది. ముందుగది అంతా కనబడేలా గుండ్రటి కిటికీ కోశాను. పరుపు మాత్రం నీదే ఉంచాను. ఇద్దరినీ పిలిచి చెప్పాను: "ఇది మీ క్యాబిన్. ఇందులోకి మిమ్మల్ని ఎవరూ పంపరు. మీకు ఎక్కాలనిపిస్తే ఎక్కండి. మేం రావాలంటే మిమ్మల్ని అడిగి వస్తాం. వద్దంటే రాం."

సైరన్ వెంటనే ఎక్కి కొక్కెం వేసుకుని "అమ్మా, అడుగు" అంది. "రావచ్చా?" అన్నాను. "వద్దు" అంది. పదిసార్లు అడిగించుకుని పదిసార్లూ వద్దంది. మొహం వెలిగిపోయింది దానికి.

కింద నిలబడి నాకు చేత్తో సైగలు చేసే పెద్దాయన, మేమంతా బాబాయ్ అంటాం, పిల్లలు తాత అంటారు, ఆదివారం చూడ్డానికొచ్చాడు. తలుపు చూసి, కొక్కెం చూసి, "సైగలు రాకుండా క్రేనేమిటే?" అని పిల్లలకి నేర్పడం మొదలుపెట్టాడు. పైకెత్తు, దించు, నెమ్మది. చివరగా ఆగు. రెండు చేతులూ బారజాపి, అరచేతులు నేలవైపు పెట్టి ఊపాలి. "మిగతా సైగలు నేనే చెయ్యాలి. ఈ ఒక్కటి మాత్రం యార్డులో ఎవరైనా చెయ్యొచ్చు, ఊడ్చే మనిషైనా సరే. అది పడిందంటే మీ అమ్మ ఎందుకని అడక్కూడదు. ఆపెయ్యాలి. తర్వాతే ప్రశ్నలు" అన్నాడు. గవ్వ నోరు వెళ్ళబెట్టి విన్నది.

నీ చెల్లెలు

*

బడి
జూలై 28

చెల్లీ,

ఉత్తరం అందింది.

ముందుగది కనబడేలా కిటికీ పెట్టడం పొరపాటు. ప్రశాంతమూల అంటే గోడవైపు తిరిగి ఉండాలి. ఎత్తు మీద కట్టడం ఇంకో పొరపాటు. రమ్మంటేనే రావడం, వద్దంటే పోవడం ఏమిటి, వాళ్ళు నాలుగేళ్ళ పిల్లలా, రేవు అధికారులా? నేను చెప్పింది పదిహేనేళ్ళ అనుభవం. నువ్వు చేసింది నీకు తోచింది.

మీ ఇద్దరి గొడవల సంగతి రాసినందుకు మాత్రం సంతోషం. మరిదితో కూర్చుని మాట్లాడు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. ఇంతకంటే రాయలేను.

అక్క

*

క్వార్టర్స్
ఆగస్టు 16

అక్కా,

నీకు కోపమొచ్చిందని తెలిసింది. కాగితం సగం ఖాళీగా పంపడం మన వంశంలోనే లేదు. అయినా ఈ సంగతి నీకు తప్ప ఎవరికి చెప్పుకోను?

పోయినవారం ఒక సాయంత్రం పరీక్ష తేదీ కాగితం ఇంటికొచ్చింది. మీ మరిది చూసి బల్లమీద పడేసి, "అయితే నువ్వు ముందే ఖాయం చేసేసుకున్నావన్నమాట. పిల్లల పేరు చెప్పి నాతో ఆటలాడుతున్నావు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మీరు కళ్ళద్దాల షాపులో పొద్దంతా అద్దాలు అరగదీసుకుంటూ హాయిగా కూర్చుంటారు, మిమ్మల్ని ఎవరైనా దిగిపొమ్మన్నారా?" అని మొదలుపెట్టాను. ఆపైన అన్నవి నీకు రాయను, నీ చేతిలో ఎర్రసిరా ఉంటుంది. సైరన్ క్యాబిన్‌లోకి ఎక్కేసింది. గవ్వ ఎప్పట్లాగే మంచం కిందికి పోతుందనుకున్నాను. చూడను కూడా చూడలేదు.

మాట సగంలో ఉండగా కిటికీ వైపు ఏదో కదిలింది. కళ్ళు అటు తిరిగాయి. గుండ్రటి కిటికీలోంచి రెండు చిన్న చేతులు బయటికొచ్చాయి. అరచేతులు నేలవైపు. ఊగుతున్నాయి.

గవ్వ అక్కా. మాట్లాడని గవ్వ.

నా నోరు దానంతటదే మూసుకుపోయింది. ఆరేళ్ళుగా ఆ సైగ చూస్తే చెయ్యి పిడి మీంచి లేవడం అలవాటైపోయిందిగా, ఆలోచించే పనే లేదు. ఆయన ఇంకా అంటూనే ఉన్నాడు. "ఆగండి. ఆగమని సైగ పడింది" అన్నాను. వెటకారం అనుకుని ఇంకా రెచ్చిపోబోయాడు. కిటికీ చూపించాను. చూశాడు. ఆ చేతులు ఇంకా ఊగుతూనే ఉన్నాయి. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు దించింది చేతులు.

ఆ తర్వాత మీ మరిది లేచి క్యాబిన్ దగ్గరికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుని "రావచ్చా?" అన్నాడు. "వద్దు" అంది సైరన్. కదలకుండా అక్కడే కూర్చున్నాడు. కాసేపటికి మళ్ళీ అడిగాడు. మూడోసారికి కొక్కెం తీశారు. ఆరడుగుల మనిషి నాలుగు మడతలు పడి లోపలికి దూరాడు. నేను వంటగదిలో ఉన్నాను. వినకూడదనుకున్నాను కానీ విన్నాను.

గవ్వ అడిగింది: "నాన్నా, నీకు కోపమా?"

"కోపం కాదమ్మా. భయం."

"ఎందుకు?"

"అమ్మ అంత పైనుంచి పడిపోతుందేమోనని."

"అమ్మకి బెల్టుంటుంది నాన్నా. తాత చెప్పాడు."

ఏడేళ్ళ కాపురంలో నాకు చెప్పని మాట. రెండింటికి నేను ఇంటికొచ్చి ఫోన్ చేసేదాకా చేతిలో అద్దం నిలవదట. ఈ నెలలో రెండు పగలగొట్టాడట. పిల్లలకని గేటు ఆఫీసు అడగమన్నాడు కానీ, అసలు కారణం ఇది. నేను ఆయనకి నా ఉద్యోగమంటే చిన్నచూపనుకుని కత్తులు నూరుతున్నాను. శనివారం ఆయన్ని యార్డుకి తీసుకెళ్ళాను. బాబాయ్ బెల్టు చూపించాడు, తాళాలు చూపించాడు, గాలి ఎక్కువైతే క్రేన్ దానంతటదే ఎలా ఆగుతుందో చూపించాడు. ఆయన ఎన్ని ప్రశ్నలు వేశాడో! బాబాయ్ చెమటలు తుడుచుకున్నాడు.

మాకు గొడవలు మాయమైపోయాయని రాయను. నిన్న కూడా ఒకటైంది. ఈసారి ఆయనే గొంతు తగ్గించుకుని కిటికీ వైపు చూశాడు. పుస్తకంలో ఈ వారం రెండే రాశాను. గవ్వ మంచం కిందికి వెళ్ళి తొమ్మిది రోజులైంది.

నా కూతురు నన్ను ఆపింది అక్కా. నేను పొంగిపోతున్నాను. ఇది ఎవరితోనైనా చెబితే వింతగా చూస్తారు.

నీ చెల్లెలు

*

బడి, క్లాసుగది, పిల్లలు వెళ్ళిపోయాక
ఆగస్టు 24

చెల్లీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఒక్క తప్పూ దిద్దలేదు. ఉన్నాయో లేదో కూడా చూడలేదు.

నేను నీకు రెండు సంగతులు చెప్పాలి. చెప్పకుండా ఉందామనే అనుకున్నాను. నెలన్నరగా మోస్తున్నాను.

ఒకటి. నీ తప్పుగది ఉత్తరం వచ్చిన వారమే, దిళ్ళ గలీబులు మార్చాలని మా క్లాసులో రెండు జడల పిల్లని సాయం పిలిచాను. "రా అమ్మా, ప్రశాంతమూలలోకి" అన్నాను. అది రెండడుగులు వెనక్కి వేసింది. "టీచర్, నేనేం తప్పు చేశాను?" అంది. క్లాసులో అందరికంటే నెమ్మదైన పిల్ల. మిగతావాళ్ళ మొహాలు చూశాను. అందరికీ అది ఏమిటో తెలుసు. నాకే తెలీదు. జిల్లా పెద్దలకీ తెలీదు. అయిదు నిమిషాల్లో పిల్లిలా వచ్చేస్తారని నీకు గొప్పగా రాశాను చూడు, వాళ్ళు నెమ్మదించి రాలేదే, భయపడి వచ్చారు. అది తెలిసీ జూలైలో నీకు ఆ సగం ఖాళీ ఉత్తరం రాశాను. నా మూల పీకేశావని కాదు నా కోపం. నువ్వు కనిపెట్టింది నేను కనిపెట్టలేకపోయానని.

సోమవారం నేనూ పీకేశాను. అటెండరు చేత మూలలోని బల్ల గోడవైపు నుంచి గదివైపు తిప్పించాను. పిల్లలకి చెప్పాను: "ఇకమీదట ఇందులోకి ఎవర్నీ పంపను. నేను రావాలన్నా మిమ్మల్ని అడుగుతాను." వాళ్ళు నమ్మలేదు. రెండు రోజులు ఎవరూ అటు వెళ్ళలేదు. మూడోరోజు రెండు జడల పిల్ల వెళ్ళి కూర్చుంది. నేను వెళ్ళి అడిగాను. కాస్త ఆలోచించి, జరిగి, నాకు చోటిచ్చింది. దిళ్ళ మధ్య కూర్చుని ఏడుపు ఆపుకోవడానికి నానా తంటాలు పడ్డాను.

రెండోది ఇంకా సిగ్గుచేటు. ఇన్నేళ్ళుగా ఇక్కడ ఎవరడిగినా "మా చెల్లెలు రేవు ఆఫీసులో చేస్తుంది" అని చెబుతూ వచ్చాను. అబద్ధం కాదని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నువ్వు పదో తరగతి తప్పినప్పుడు ఇంట్లో నిన్ను ఎన్ని మాటలన్నారో, ఆ మాటల్లో నావెన్నో నాకు గుర్తుంది. గ్రీజు చేతుల చెల్లెలుందని చెప్పుకోవడానికి నాకు నామోషీ వేసింది. నన్ను తిట్టు, పడతాను.

నిన్న తల్లిదండ్రుల సమావేశంలో ఈ కొత్త మూల ఏమిటని ఒకాయన అడిగాడు. హాల్లో ఎనభైమంది ఉన్నారు. లేచి నిలబడి చెప్పాను: "ఇది నా ఆలోచన కాదండీ. మా చెల్లెలిది. మా చెల్లెలు క్రేన్ నడుపుతుంది." గొంతు కొంచెం ఎక్కువే లేచినట్టుంది, వెనక వరసలో పసిపిల్ల లేచి ఏడ్చింది. ఎంత ఎత్తని ఒకావిడ అడిగింది. "తొమ్మిది అంతస్తులు" అన్నాను. ఇంకా ఎక్కలేదుగా అని నా మనసే అంటోంది. నువ్వు ఎక్కుతావని నాకు తెలుసు. నా మాట నిలబెట్టు.

నిన్ను చూసి గర్వపడుతున్నానని ముప్పైరెండేళ్ళలో ఒక్కసారీ అనలేదు. ఇప్పుడంటున్నాను. ఈ కాగితం దాచుకో.

అక్క

*

క్వార్టర్స్
సెప్టెంబరు 4

అక్కా,

నీ కాగితం దాచుకోలేదు. బీరువా తలుపుకి అతికించాను. వచ్చిన ప్రతి ఒక్కరూ చదివి వెళ్తున్నారు. తిట్టమన్నావుగా, ఇదే నీకు శిక్ష.

పరీక్ష ఆగస్టు 29న అయింది. గాలి కొంచెం ఎక్కువగానే ఉంది. ఇరవై పెట్టెలు దించమన్నారు, దించాను. ఒక్కటి కూడా గీసుకోలేదు. పరీక్ష పెట్టినాయన కాగితం మీద ఏదో రాసుకుంటూ "ఎక్కడ నేర్చుకున్నావమ్మా ఇంత నెమ్మది?" అన్నాడు. "మా ఇంట్లో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లున్నారండీ" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, కానీ పాస్ చేశాడు.

ఆ సీటు నాదే అక్కా. నాదే!

అయితే మాటిచ్చిన గడువుంది కదా, 31వ తేదీ. ఆ సాయంత్రం పుస్తకం తెచ్చి మీ మరిది ముందు పెట్టాను. "ఇందులో ఉన్నది చదివి మీరే చెప్పండి. కుదుటపడ్డారంటే ఎక్కుతాను. లేదంటే గేటు ఆఫీసు." నిజంగానే అన్నాను. మాట మాటే. ఆయన పుస్తకం తెరవలేదు. సంచిలోంచి చిన్న పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. అందులో కళ్ళజోడు. పైన ఎండ సముద్రం మీద పడి కళ్ళలో కొడుతుందని బాబాయ్‌ని అడిగి తెలుసుకున్నాడట. ఇరవై రోజులుగా షాపులో పని అయ్యాక ఆ అద్దాలు అరగదీశాడట. నా చూపు కొలతలు ఆయనకి నోటికి వచ్చు. "పెట్టుకుని చూడు, ముక్కు మీద జారుతోందా?" అన్నాడు. జారలేదు. నేనే జారిపోయాను, ఏడుస్తూ.

ఇంక అసలు సంగతి. ఇవాళే పెద్ద క్రేన్ మీద మొదటిరోజు. పొద్దున బూట్లు వేసుకుంటుంటే పిల్లలిద్దరూ లేచి క్యాబిన్ ఎక్కి కూర్చున్నారు. వెళ్ళాలని ఉంది, వదిలి వెళ్ళాలని లేదు. వీళ్ళు ఇప్పుడు ఏడిస్తే నేను ఆగిపోతానని కూడా అనిపించింది. దగ్గరికెళ్ళి వంగి, "రావచ్చా?" అన్నాను.

కిటికీలో రెండు మొహాలు. ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

"నీకు డ్యూటీ లేదా?" అంది సైరన్.

"ఉంది. కాసేపు కూర్చుని వెళ్తాను."

గవ్వ తల అడ్డంగా ఊపింది. "వద్దమ్మా. నువ్వు వెళ్ళు. మేం బాగానే ఉన్నాం" అంది.

వెళ్ళు అనే మాట కోసం మూడు నెలలుగా అందరి మొహాలూ చూశాను అక్కా. నాలుగేళ్ళ పిల్ల చెప్పింది. ఆ పెద్ద క్రేన్‌కి లిఫ్టుంది. నేను మెట్లెక్కే వెళ్ళాను. రెండువందల పద్నాలుగు. ఎక్కడా ఆగలేదు.

నీ చెల్లెలు, క్రేన్ డ్రైవరు